ఆఁ… ఫిర్?



పోయిన రంజాన్‌లో ఒక రాత్రి సంగతి ఇది. తరావీహ్ అయిపోయి మగవాళ్ళు మసీదు నుంచి ఇంటికొచ్చారు. నేను సహరీకి పప్పు కడిగి పెడుతున్నాను. అమ్మీ ముసల్లా మీదే కూర్చుని తస్బీహ్ తిప్పుతోంది. అంతలో ఫోన్ మోగింది. ఇటలీ నుంచి మా భాంజీ, గుడివాడలో ఉండే మా ఆపా కూతురు. పడువా యూనివర్సిటీలో చదువుకోడానికి వెళ్ళి ఏడాదిన్నర అయింది. మాకు రాత్రి తొమ్మిదిన్నర అయితే వాళ్ళకి సాయంత్రం ఐదు. ఇంకా ఇఫ్తార్ కాలేదు. ఆ టైములో నానీతో కబుర్లు చెప్తే ఆకలి తెలీదంటుంది.

ఆ రోజు వీడియోలో దాని పక్కన ఇంకో పిల్ల ఉంది. ఇటలీ పిల్లే, కొత్తగా స్నేహమైందట. రోజా అంటే ఏమిటో మా భాంజీ ఆ పిల్లకి వివరిస్తోంది. తిండే కాదు, నీళ్ళు కూడా ముట్టమని చెప్పగానే ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, "మా దాయ్!" అంది.

అమ్మీ తస్బీహ్ ఆపేసింది. "దాయీనా? ఎవరికి కాన్పు?" అని కంగారుగా అడిగింది.

దాయి అంటే మన పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. మంత్రసాని. నన్నూ ఆపానీ భూమ్మీదకి తెచ్చింది మా వీధి దాయీనే. ఇటలీ పిల్ల "మా దాయి" అంటే అమ్మీకి అదే వినపడింది. మా భాంజీ నవ్వి నవ్వి ఫోన్ కింద పడేసింది. తేరుకున్నాక చెప్పింది. అది వాళ్ళ భాషలో తాజ్జుబ్ మాటట. "ఊరుకోవే!" అన్నట్టు, "అయ్యో నిజమా!" అన్నట్టు. మాటకి మాట అర్థం చెప్పుకుంటే "మరి ఇవ్వు" అని వస్తుందట. ఏమివ్వాలో ఎవరికివ్వాలో ఎవరూ అడగరు.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో "మా దాయ్" నడిచింది. ఇఫ్తార్‌లో పకోడీలు ఎక్కువ వేస్తే మా దాయ్. ఖర్బూజా చప్పగా ఉంటే మా దాయ్. మా వారు ఒకసారి కరెంటు బిల్లు చూసి గట్టిగా "మా దాయ్!" అన్నారు. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూసి, "ఏమ్మా, కోడలికి నొప్పులా?" అని అడిగింది. ఆవిడకీ తెలుసు మరి దాయి మాట. నలభై ఏళ్ళుగా పక్కపక్క ఇళ్ళు.

మా భాంజీ రోజుకో మాట నేర్పేది. "దవ్వేరో?" అంటే నిజంగానా, మన "సచ్చీ?" అన్నమాట. "నోన్ చి క్రేదో" అంటే నేను నమ్మను, "యకీన్ నై". "అద్దిరిత్తూరా!" అంటే అంతదాకా వచ్చిందా అని. "బో!" అంటే ఏమో, క్యా మాలూమ్. పెదవి విరిచి, భుజాలెగరేసి "బో" అనాలట. మా పిల్లలకి అన్నిట్లోకీ అదే నచ్చింది. హోంవర్కు అయిందా అంటే బో. చెప్పులు ఎక్కడంటే బో.

ఇంకోటి "మా వా!". మొదటిసారి విని నేనూ "మావ" ఏమిటి, ఎవరి మావ అనుకున్నాను. అది కూడా తాజ్జుబ్ మాటే. దాని అర్థం "మరి పో". ఇది విన్నప్పుడు నాకు భలే అనిపించింది. ఎవరైనా నమ్మలేని మాట చెప్తే మనం తెలుగులో "పోవే!", "పోరా!" అంటాం. ఇంట్లో తురకంలో అయితే "జారే!", "చల్!". ఎక్కడి ఇటలీ, ఎక్కడి అవనిగడ్డ! నమ్మకం కుదరని మాట తెచ్చినవాణ్ణి అందరూ పొమ్మనే అంటారు. ఈ సంగతి తర్వాత నా మనసులో చాలా రోజులు తిరిగింది. ఎందుకో ముందు ముందు చెప్తాను.

"మమ్మ మీయా" మీరు సినిమాల్లో వినే ఉంటారు. "అమ్మ నా" అని అర్థం. మన అమ్మో, మన ఉయీ మా. కొంతమంది "మదోన్నా!" అంటారట. అదెవరని అమ్మీ అడిగింది. ఈసా అలైహిస్సలామ్ వాళ్ళ అమ్మగారిని అక్కడ అలా పిలుస్తారని భాంజీ చెప్పింది. "అరే, బీబీ మర్యమ్‌నా! ఆశ్చర్యమేస్తే వాళ్ళూ ఆవిణ్ణి తలుచుకుంటారా" అని అమ్మీ చాలా ఖుష్ అయిపోయింది.

తెలుగుని తూర్పు దేశపు ఇటాలియన్ అని చాలాకాలంగా చెప్పుకుంటారు కదా, రెండు భాషల్లోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయని. స్కూల్లో పిల్లలకి చెప్పేటప్పుడు నాకెప్పుడూ అది పరీక్షలో రాసే ముక్కే. ఈ మాటలు విన్నాకే చెవికి తెలిసింది. నోరు తెరిచిన మాట తెరిచినట్టే ఉండిపోతుంది. అమ్మో, ఓర్నాయనో, అయ్యబాబోయ్, హవ్వ, ఔరా, వార్నీ. ఆశ్చర్యపోయిన నోరు ఎలా మూతపడుతుంది?

చేతులు కూడా మాట్లాడతాయి. ఇటలీవాళ్ళు ఐదు వేళ్ళ కొసలూ ఒకచోట కలిపి, అరచెయ్యి పైకి పెట్టి ఊపుతారట, ఏం మాట్లాడుతున్నావ్ నువ్వు అన్నట్టు. మనకి ముక్కు మీద వేలు ఉంది. ఉర్దూలో పళ్ళ కింద వేలు నొక్కుకోవడం ఉంది. తౌబా అనాల్సి వస్తే రెండు చేతులూ చెవులకి పోతాయి. మా నానీ ఉన్నప్పుడు మూడూ చేసేది. ముందు ముక్కు మీద వేలు, తర్వాత పంటి కింద కొంగు, చివరికి చెవులు. ఆవిడ చెవులు పట్టుకుందంటే వీధిలో ఎవరి ఇంట్లోనో గొడవ పెద్దదైందని మాకు అర్థమయ్యేది.

మన దివిసీమ ముస్లిం ఇళ్ళలో ఈ మాటలు ఎన్నో నేను ఒక కాగితం మీద రాద్దామని కూర్చున్నాను. సగం తెలుగు, సగం ఉర్దూ. ఒకే నోట్లో రెండూ. "హాయ్ అల్లా" ఒకటి. "అయ్యో అల్లా" ఇంకొకటి, ఇది పూర్తిగా మన సరుకు, హైదరాబాద్‌లో అంటే నవ్వుతారు. మంచి జరిగినప్పుడు మాషా అల్లా, నజర్ తగలకుండా. గొప్ప సంగతి వింటే సుభానల్లా. చెడు మాట వింటే అస్తగ్‌ఫిరుల్లా. వినకూడనిది వింటే లాహౌల. ఆశ్చర్యానికి కూడా ఇన్ని అరలు పెట్టుకున్న పెట్టె మనది. ఇమామ్ బుఖారీ తన హదీసుల కితాబులో ఆశ్చర్యమేసినప్పుడు తక్బీర్, తస్బీహ్ పలకడం మీద ఒక బాబే పెట్టారు. అంటే పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి మనుషులూ నోరు తెరిచినప్పుడు అల్లా పేరే వచ్చేదన్నమాట.

కాగితం నిండాక అమ్మీకి చదివి వినిపించాను. ఇంకేమన్నా మిగిలాయా అని అడిగాను. అమ్మీ ఆలోచించి, "సచ్చీ రాశావు, ఝూట్ రాశావు, జారే రాశావు. అన్నీ ఉన్నాయి" అంది. అప్పుడు నాకు తట్టింది. ఆ మూడూ అమ్మీ నోటివెంట నేనెప్పుడూ వినలేదు.

మీరు నమ్మరు. నేనూ వెంటనే నమ్మలేదు. కూర్చుని వెనక్కి వెనక్కి వెళ్ళాను. సుభానల్లా అంటుంది. అమ్మో అంటుంది. కానీ ఎవరైనా వచ్చి ఒక ఖబర్ చెప్తే "నిజమా?" అని అమ్మీ అడగదు. "ఊరుకో", "పో", "అంతొద్దు", ఏదీ అనదు. ఎంత వింత మాటైనా, ఎంత చిన్న పిల్లాడు చెప్పినా, తల కొంచెం వంచి, "ఆఁ… ఫిర్?" అంటుంది. ఆఁ, తర్వాత?

చిన్నప్పుడు ఇది మాకు పండగ. స్కూల్ నుంచి ఎందుకు లేటయిందంటే దారిలో ఏనుగొచ్చిందని చెప్పాను ఒకసారి. "ఆఁ… ఫిర్?" అంది. ఆ తర్వాత ఏనుగుని ఎలా దాటించాలో తెలీక నేనే ఏడ్చి నిజం ఒప్పుకున్నాను. పెద్దయ్యాక మాత్రం కోపం వచ్చేది. ఎవడో వచ్చి పిల్లకి ఆపరేషనని కథ చెప్తే డబ్బిచ్చేసింది. పిల్లా లేదు, ఆపరేషనూ లేదు. చేపలమ్మేవాళ్ళు ఎంత చెప్తే అంత ఇచ్చేది. "అంత రేటా?" అని ఒక్క మాట అనేది కాదు. మా అబ్బా ఉన్నప్పుడు విసుక్కునేవారు, "మీ అమ్మీని ఎవరైనా అమ్మేసుకోవచ్చు" అని. అమ్మీ భోళా మనిషి, మేమంతా అలాగే అనుకున్నాం. అలా అనుకుని యాభై ఏళ్ళు దాటాను నేను.

ఈద్ అయిపోయింది. షవ్వాల్‌లో ఒక రాత్రి మళ్ళీ భాంజీ ఫోన్. ఈసారి వీడియో లేదు. గొంతు తేడాగా ఉంది. నానీకి ఇవ్వమంది. అమ్మీకి కొంచెం చెవుడు, ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది కాబట్టి నేనూ విన్నాను.

చదువుకుంటూ సాయంత్రాలు ఒక హోటల్ వంటింట్లో పని చేస్తుంది అది. అక్కడి యజమాని తీరు బాగోలేదంది. చెయ్యి వేసి మాట్లాడతాడట. పని అయ్యాక లేనిపోని పని చెప్పి ఆపుతాడట. ఏమీ జరగలేదు, కానీ భయమేస్తోందంది. రెండు వారాల కిందటే వాళ్ళమ్మకి చెప్పింది. మా ఆపా ఏమందో కూడా చెప్పింది. "ఛల్, అలా ఏముండదు. అక్కడివాళ్ళ పద్ధతే అంతేమో. నీ వహమ్."

ఇందులో మా ఆపాని తప్పు పట్టడం నాకు సులువు. కానీ ఆ ప్లేస్‌లో నేనున్నా అదే అనేదాన్నేమో. పిల్ల అంత దూరంలో ఉంది. నిజమని ఒప్పుకుంటే రాత్రి నిద్ర పట్టదు. పని మానేస్తే గది అద్దె ఎలాగన్న లెక్క ఉంది. నలుగురూ ఏమంటారోనన్న గుబులు ఉంది. నమ్మకపోతే ఇవేవీ ఉండవు. "వహమ్" అన్న ఒక్క మాటతో తల్లి మనసుకి ఆ పూట కాస్త నెమ్మది దొరుకుతుంది.

అమ్మీ మాత్రం తల వంచి, "ఆఁ… ఫిర్ క్యా హువా బేటా?" అంది.

అంతే. ఆ పిల్ల గంటసేపు మాట్లాడింది. అమ్మీ మధ్యలో ఆఁ, ఆఁ అంటూ ఉంది. చివర్లో, "కల్ సే నక్కో జావ్. డబ్బు సంగతి మేం చూసుకుంటాం. మీ అమ్మకి నేను చెప్తాను" అంది. ఫోన్ పెట్టేశాక వెంటనే ఆపాకి చేయించింది. ఆపా మొదట వాదించింది, తర్వాత ఏడ్చింది. మర్నాటి నుంచి పిల్ల ఆ పనికి వెళ్ళలేదు.

ఆ రాత్రి నేను అడిగాను. "అమ్మీ, నువ్వు ఎవర్నీ నిజమా అని ఎందుకడగవు?"

అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. మా ఛోటే మామూ ఉప్పెనలో పోయాడని నాకు తెలుసు. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటే ఉంది, గళ్ళ చొక్కా వేసుకుని. కానీ ఆ ముందు రోజు ఏం జరిగిందో మొట్టమొదటిసారి అప్పుడే విన్నాను, నలభై ఏడేళ్ళ తర్వాత.

1977 నవంబర్. బక్రీద్ ఇంకో మూడు నాలుగు రోజులుందనగా. అబ్బాకి దర్జీ కొట్టు, పండగ కుట్టు మీద తలెత్తే తీరిక లేదు. మామూకి పంతొమ్మిదేళ్ళు, అబ్బా దగ్గరే కాజాలు తీయడం, గుండీలు కుట్టడం నేర్చుకుంటున్నాడు. కోడూరు అవతల సముద్రం వైపు ఊళ్ళో ఒకాయన దగ్గర ఖుర్బానీ మేకకి బయానా ఇచ్చి ఉన్నారు. శుక్రవారం జుమా అయ్యాక మామూ సైకిల్ మీద వెళ్ళి, రాత్రికి అక్కడే ఉండి, శనివారం మేకని తోలుకురావాలి.

ఆ శుక్రవారం పొద్దున్నే చేపలామె వచ్చింది. ఆవిడదీ ఆ సముద్రం అంచు ఊరే. బుట్టలో చేపలు అంతంత మాత్రం. రేటు ఎక్కువ చెప్పింది. అమ్మీ బేరమాడింది. అప్పుడు ఆమె అందట, "వేట లేదు బూబమ్మా. రెండ్రోజుల్నుంచి మావాళ్ళు పడవ దింపలేదు. సముద్రం రంగు మారిపోయింది. ఇలాంటి నీళ్ళు మా ముసలోళ్ళు కూడా చూళ్ళేదంట. ఏదో వస్తాది."

అమ్మీ నవ్వింది. "జారే! ఝూట్! బేరం కోసం ఎన్ని కబుర్లు నేర్చావే" అంది. గుమ్మంలో సైకిల్‌కి గాలి కొడుతున్న మామూ కూడా నవ్వాడు. "ఉప్పెనొస్తే ఆ మేక మీదెక్కి ఈదుకుంటూ వస్తాలే బాజీ" అన్నాడు. చేపలామె కూడా నవ్వేసిందట. అర్ధరూపాయి తగ్గించి ఇచ్చి వెళ్ళిపోయింది.

జుమా అయ్యింది. మామూ వెళ్ళాడు.

శనివారం, నవంబర్ 19. ఆ రోజు గురించి మన దివిసీమలో చెప్పనక్కర్లేని ఇల్లు లేదు. నాకు ఐదేళ్ళు. నాకు గుర్తున్నది కొంచెమే. పెంకులు ఒక్కొక్కటీ లేచిపోవడం. అబ్బా మా ఇద్దర్నీ చెరో చంకలో ఇరికించుకుని పక్కింటి పిన్నిగారి డాబాలోకి పరిగెత్తడం. అక్కడ ఒక్క గదిలో ఎంతమందో. గాలి చప్పుడు రైలులా ఉందని పెద్దవాళ్ళు అంటున్నారు. దివిసీమకి రైలు లేదు, నేను అప్పటికి రైలు చూడలేదు. తర్వాత ఎప్పుడో బందరులో మొదటిసారి రైలు చూసి ఏడిస్తే ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. ఆ చీకట్లో పిన్నిగారు "యా అల్లా, యా అల్లా" అనడం గుర్తుంది. అమ్మీ "అమ్మా, తల్లీ" అనడం గుర్తుంది. ఎవరి మాట ఎవరిదో ఆ రాత్రి ఎవరూ చూసుకోలేదు.

సముద్రం తాటిచెట్టంత లేచి వచ్చిందని చూసి బతికినవాళ్ళు చెప్పారు. మైళ్ళకి మైళ్ళు లోపలికొచ్చి ఊళ్ళకి ఊళ్ళు ఊడ్చేసింది. సర్కారు లెక్కే పదివేల చిల్లర. ఆ లెక్క తక్కువని ఇక్కడ అందరూ అంటారు. అంతకు ముందు 1864 నవంబర్ 1న బందరుని ముంచిన ఉప్పెనలో 30 వేల మంది పోయారు. ఆ కథ మా నానీ వాళ్ళ నానీ నుంచి విన్నది. అంటే వినని వాళ్ళం కాదు మేం. సముద్రం లేస్తుందని తెలిసిన ఊళ్ళే ఇవన్నీ. తెలిసినా నమ్మకం కుదరలేదు, అంతే.

ఆదివారం మధ్యాహ్నానికి ఒకతను ఒంటి మీద బట్ట సరిగా లేకుండా వచ్చాడట. "కోడూరు అవతల ఏమీ లేదు" అన్నాడట. "ఏమీ లేకపోవడం ఏంటయ్యా?" అని ఎవరో అడిగారు. అప్పుడు అమ్మీ అడగలేదు. అబ్బా, ఇంకో నలుగురూ నడుచుకుంటూ వెళ్ళారు. మూడు రోజులు వెతికారు. గుర్తుపట్టే స్థితి కాదు. చనిపోయినవాళ్ళని ఏ మతమో ఏ ఊరో తెలీకుండా కొందర్ని కలిపి పూడ్చారు, కొందర్ని కలిపి కాల్చారు. మామూ ఏ గుంటలో ఉన్నాడో అల్లాకే ఎరుక. ఆ బక్రీద్‌కి మా ఇంట్లో ఖుర్బానీ లేదు. పొయ్యే వెలగలేదు.

"అది చెప్పింది. నేను నవ్వాను" అంది అమ్మీ. నలభై ఏడేళ్ళ తర్వాత కూడా ఆ రెండు ముక్కలే.

నేను ఏదో సర్దిచెప్పబోయాను. నువ్వు నమ్మినా మామూ ఆగేవాడు కాదు, తఖ్‌దీర్‌లో రాసి ఉంది, అలాంటివి. అమ్మీ చెయ్యెత్తి ఆపింది. ఇంకా ఉంది, విను అంది.

ఎండలు ముదిరాక ఒక రోజు చేపలామె వచ్చింది. బతికే ఉంది. నెత్తిన బుట్ట లేదు. వచ్చి అరుగు మీద కూర్చుంది. అమ్మీ బయటికొచ్చి చూసి, నోట మాట రాక, చివరికి, "నువ్వు చెప్పావు. నేను నమ్మలేదు" అందట. ఆమె అమ్మీ వైపు చూసి అందట, "నేను మాత్రం నమ్మానా బూబమ్మా? నమ్ముంటే ఆ శనోరం పిల్లల్ని ఇంటికాడొదిలి బుట్టెత్తుకుని బస్సెక్కేదాన్నా?"

ఆ శనివారం కూడా ఆమె ఎప్పట్లాగే అవనిగడ్డ వైపు వచ్చింది. అందుకే బతికింది. ఇద్దరు పిల్లలు ఆ ఊళ్ళోనే ఉండిపోయారు.

ఇద్దరూ ఆ అరుగు మీద పొద్దుపోయేదాకా కూర్చున్నారట. అమ్మీ అన్నం పెట్టింది. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్ళు మా ఇంటికి చేపలు తెచ్చింది. నాకు గుర్తుంది ఆవిడ. ముక్కుకి రెండు వైపులా పుడకలు, చుట్ట వాసన. ఆవిడ ఎంత చెప్తే అమ్మీ అంత ఇచ్చేది. ఆవిడ పోయాక వచ్చినవాళ్ళకీ అంతే ఇచ్చింది. మేం భోళాతనం అనుకున్నది అది.

ఇది విన్నాక నాకు రెండు మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. నేను రాసుకున్న కాగితం తీసి చూశాను. జారే, పోవే, మా వా. నమ్మలేని మాట తెచ్చినవాణ్ణి అందరూ పొమ్మనే అంటారని నవ్వుకున్నాను కదా. పొమ్మన్నాక వాళ్ళు నిజంగానే వెళ్ళిపోతారు. తెచ్చిన ఖబర్ వెనక్కి పట్టుకుపోతారు. మళ్ళీ తేరు.

భాంజీ చదివే పడువాకి వెనిస్ దగ్గరే. ఆ వెనిస్ మనిషే మార్కో పోలో. మన కోస్తాలోని మోటుపల్లి గురించి, అక్కడ ఏలే రాణి గురించి, వజ్రాల గురించి రాశాడు. సొంత ఊరివాళ్ళు అతని మాటలు నమ్మలేదు. చావు దగ్గర పడినప్పుడు, రాసిన అబద్ధాలు వెనక్కి తీసుకోమని చుట్టూ ఉన్నవాళ్ళు అడిగితే, చూసినదాంట్లో సగం కూడా చెప్పలేదన్నాడని కథ. నాకు ఆ సగం మీదే దిగులు. మనం "జారే" అన్నాక మన పిల్లలు చెప్పకుండా మింగేసే సగం ఎంతుంటుందో.

అలాగని వచ్చిన ప్రతి మాటా నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. ఖబర్ వస్తే తహ్‌ఖీఖ్ చెయ్యమని ఖురానే చెప్తోంది. వాట్సాప్‌లో వచ్చే కబుర్లన్నీ నమ్మితే మన ఇళ్ళు ఎప్పుడో కూలిపోయేవి. ఒకరి మీద నింద మోస్తే అది అబద్ధమని ముందే అనమని కూడా దీన్ చెప్తుంది. అమ్మీని మోసం చేసిన ఆపరేషన్ కథ నేను మర్చిపోలేదు. అయితే విచారించడం వేరు, నవ్వి పంపేయడం వేరు. విచారించాలన్నా ముందు పూర్తిగా వినాలి కదా. "ఆఁ… ఫిర్?" అంటే నేను నమ్మేశానని కాదు. నువ్వు చెప్పు, నేనెక్కడికీ పోవడం లేదు అని. ఏనుగు కథ చెప్పినప్పుడు నేను నిజం ఒప్పుకున్నదీ ఆ మాటకే. అబద్ధం ఆ ప్రశ్న ముందు ఎక్కువసేపు నిలబడలేదు. నిజానికి మాత్రం ఆ ప్రశ్న దొరికితే చాలు.

సూరా హూద్‌లో హజ్రత్ సారా సంగతి ఉంది. ముసలితనంలో బిడ్డ పుడతాడని ఫరిష్తాలు ఖబర్ తెస్తే ఆవిడకీ ఆశ్చర్యమే వేసింది, ఇదేమి వింత అనే అంది. ఫరిష్తాలు కోప్పడలేదు, అల్లా హుకుం మీద ఆశ్చర్యపోతున్నావా అని అడిగారంతే. ఆశ్చర్యం గునా కాదు. అది చదివినప్పుడల్లా నాకు కొంచెం ఓదార్పు. అమ్మీకి కూడా చదివి వినిపించాను. "ఆవిడకి చెప్పింది మంచి ఖబర్" అంది అమ్మీ. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మా భాంజీ ఇప్పుడు బాగుంది, అల్హమ్దులిల్లా. వేరే పని దొరికింది. ఆ హోటల్లోనే ఉండి ఉంటే ఏం జరిగేదో మాకు తెలీదు. ఏమీ జరిగేది కాదేమో కూడా. తెలుసుకోవాల్సిన అవసరం రాకపోవడమే అల్లా కరమ్ అనుకుంటాం. మా ఆపా ఇప్పుడు రోజూ రాత్రి కూతురికి ఫోన్ చేస్తుంది. మొన్న నా ముందే చేసింది. అటు నుంచి ఏదో చెప్తోంది పిల్ల. ఆపా నోటిదాకా "ఛల్" వచ్చింది, నాకు కనపడింది. ఆగింది. కాసేపాగి, "ఆఁ… ఫిర్?" అంది.

ఇంట్లో మా దాయ్ ఇంకా నడుస్తోంది. నవ్వుకోడానికి ఆ మాటలన్నీ కావాలి, అవి లేని ఇల్లు ఇల్లా? మా మనవడు నిన్న పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి బావిలో చందమామ పడిందని చెప్పాడు. నేను "మా దాయ్!" అన్నాను. అమ్మీ మంచం మీంచి లేచి, చేతికర్ర అందుకుని, "ఆఁ… ఫిర్? పద, చూద్దాం" అని వాడి వెంట వెళ్ళింది.

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఏమంటారో ఒకసారి చెవి పెట్టి వినండి. వాళ్ళు అనని మాట ఏదైనా ఉంటే ఎందుకనరో కూడా అడగండి, వాళ్ళుండగానే. దువాల్లో యాద్ ఉంచుకోండి. మా ఛోటే మామూ మగ్‌ఫిరత్ కోసం, ఆ చేపలామె ఇద్దరు పిల్లల కోసం కూడా.

ఖుదా హాఫిజ్.